పేరు లేని బిందె

డాక్యుమెంటరీ సినిమాల నుంచి నేను రిటైరయ్యాను. వయసు ఇంకా ముప్పై నిండలేదు. ఎవరూ శాలువా కప్పలేదు, గోడగడియారం ఇవ్వలేదు. ఈ వృత్తిలో రిటైర్మెంట్ అంటే ఒకరోజు ఫోను మోగడం మానేస్తుంది. ఆ సంగతి మనకు చాలా రోజుల తర్వాత తెలుస్తుంది. ఇప్పుడు ఒక డబ్బింగ్ స్టూడియోలో కూర్చుని, సీరియళ్ళలో అత్తగార్లు తలుపులు విసిరికొట్టే చప్పుళ్ళు అతికిస్తున్నాను. జీతం నెలనెలా వస్తోంది. జ్ఞాపకాలు రాసేంత తీరిక అందుకే దొరికింది.

ఈ పనిలోకి వద్దామనుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కలిసినప్పుడు అడుగుతుంటారు, నువ్వు చేసినవాటిలో గొప్ప సినిమా ఏది అన్నా, అని. గొప్పదేదో నాకు తెలియదు. హమ్మయ్య అని నేను ఊపిరి పీల్చుకున్న సినిమా మాత్రం ఒకటుంది. దాని గురించి చెబుతాను. పేర్లు మాత్రం అడగొద్దు. అందులో ఉన్నవాళ్ళంతా ఇప్పటికీ మా ఇంటికి టీకి వస్తారు.

ఎన్నికల్లో డబ్బు ఏం చేస్తుందన్నదే ఆ సినిమా. ఈ రకం డాక్యుమెంటరీలు మీరు చూసే ఉంటారు. ఒక పెద్దమనిషి పుస్తకాల బీరువా ముందు కూర్చుని ప్రజాస్వామ్యం ప్రమాదంలో పడిందంటాడు. తర్వాత డ్రోన్ ఎగురుతుంది. తర్వాత ఇంకో బీరువా. మా డైరెక్టర్ మేడం అలాంటివి రెండు తీసి, వాటితోనే విసిగిపోయింది. ఈసారి ఆమెకు బీరువా వద్దు. ఓటు కోసం ఇచ్చింది పుచ్చుకున్న మనిషి కావాలి. ఆ మాట తన నోటితో తనే చెప్పాలి.

"అలాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారు?" అని అడిగింది. ఆమె ఉత్తరాది మనిషి. మేము మాట్లాడుకున్నదంతా హిందీలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మా ఇంటికి రండి మేడం," అన్నాను.

మా ఇల్లు కామాటిపురలో. ఆ పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో ఒక ఎర్రదీపాల సినిమా మొదలవుతుంది. దాన్ని అక్కడే ఆపేయడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ పేరు కామాటీల వల్ల వచ్చింది. అంటే తట్టలు నెత్తిన పెట్టుకుని ఈ నగరాన్ని కట్టిన మా ముత్తాతల వల్ల. వాళ్ళు నగరమంతా కట్టి, తమకు మాత్రం ఒక్కో ఖోలీ, అంటే ఒక్కో గది, ఉంచుకున్నారు. ఆ ఖోలీలు వరసగా ఉండే మా చాల్‌లో అన్నిటికన్నా పెద్ద నేరం నల్లా దగ్గర వరస తప్పడం. దానికి శిక్ష కూడా అప్పటికప్పుడే పడుతుంది.

మేము ముగ్గురం. డైరెక్టర్ మేడం, కెమెరామన్, నేను. నా పని సౌండ్ రికార్డింగ్. ఈ సినిమాకు తెలుగు దుబాసీ పని కూడా నామీదే పడింది. దానికి వేరే జీతం లేదు. కెమెరామన్ మంచివాడు. వెలుతురు గురించీ భోజనం గురించీ తప్ప మాట్లాడడు. రెండూ కుదిరిన రోజు అసలే మాట్లాడడు.

అప్పుడు కార్పొరేషన్ ఎన్నికలు. మా గల్లీలో ఒక అభ్యర్థి తరఫున పనంతా చూసేది గణపతి మండలి అధ్యక్షుడు. అందరూ ఆయన్ను భావు, అంటే అన్న, అంటారు. మావాడే, పాలమూరు మూలాలు. కానీ ఎన్నికలు వస్తే పూర్తిగా మరాఠీలోకి దిగిపోతాడు. చెడ్డవాడని చెప్పను. నీళ్ళ మోటారు చెడితే బాగుచేయించేది ఆయనే, అంబులెన్సు పిలిచేది ఆయనే. ఎవరికి ఏ పని దొరకాలన్నా, దొరికింది నిలవాలన్నా మాటసాయం చేసేదీ ఆయనే. మాటసాయం చేయగలవాడు మాటసాయం మానేయనూ గలడు. అది ఆయన ఎప్పుడూ నోరువిప్పి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ ఎన్నికలకు భావు డబ్బు జోలికి పోలేదు. ఆడవాళ్ళను పిలిచి పసుపుబొట్టు కార్యక్రమం పెట్టించాడు. ఇక్కడ దాన్ని హల్దీ కుంకూ అంటారు. అభ్యర్థి భార్య స్వయంగా వచ్చింది. ప్రతి ఇల్లాలికీ బొట్టు పెట్టి, పూలు ఇచ్చి, ఒక స్టీలు బిందె చేతిలో పెట్టింది. బిందె మీద స్టిక్కర్ లేదు, గుర్తు లేదు, పేరు లేదు. "కనపడేటట్లు ఏం పెట్టలేదు, అంత సాఫ్," అని భావు తర్వాత చాలా రోజులు చెప్పుకున్నాడు.

బిందెలు పంచారని గల్లీ మొత్తానికి తెలుసు. కెమెరా ముందు మాత్రం ఎవరికీ తెలియదు.

"ఏ బిందె?" అనేది ప్రతి ఇల్లాలూ. అని లేచి వెళ్ళి, బిందెలోంచి నీళ్ళు ముంచి మాకు తెచ్చి ఇచ్చేది. మా అమ్మ కూడా అదే మాట అంది. "ఏ బిందెరా? పొద్దుగాల్ల మైకు పట్టుకొని వస్తవు, బిందె గిందె అంటవు. అన్నం తినిపో." మేడం ఆ మాటలకు అర్థం అడిగింది. సాక్షి భోజనానికి పిలుస్తోందని చెప్పాను. కెమెరామన్ అప్పటికే చెప్పులు విప్పాడు.

చివరికి ఒప్పుకున్నది మా చిన్నమ్మ ఒక్కతే. సొంత చిన్నమ్మ కాదు, ఎదురు ఖోలీ చిన్నమ్మ. భర్త వదిలేసి పోయాడు. బాల్వాడీ పిల్లలకు మధ్యాహ్నం కిచిడీ వండే పని చేస్తుంది. ఆ పని మహిళా మండలి పేరు మీద ఏటేటా ఇస్తారు. ఎవరికి ఇవ్వాలన్నదానిలో భావు మాట నడుస్తుంది. ఖోలీ అద్దె, కరెంటు, మందులు, అన్నీ ఆ కిచిడీలోంచే.

"చెప్తగాని, నా ముఖం కనపడొద్దు," అంది. "కనపడితే నా గంటె భావు వేరేదాని చేతుల పెడతడు. మళ్ల నాకెవలు పని ఇస్తరు ఈ వయసుల?"

కనపడదని మేడం మాటిచ్చింది. ఆ మాటను తెలుగులో ఇచ్చింది నేను. అంటే ఇచ్చింది నేనే.

ఇంటర్వ్యూ రోజు చిన్నమ్మ పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని కూర్చుంది. కెమెరామన్ నా చెవిలో, "కనపడదని ఆమెకు చెప్పావా?" అన్నాడు. చెప్పాను. ఆమెకు ఇంకోసారి చెబితే, "తెలుసురా, అయినా ఇంటికి మనుషులొస్తే మాసిన చీరెల కూసుంటరా?" అంది.

మాట్లాడటం మొదలుపెట్టాక ఆమెను ఎవరూ ఆపలేకపోయారు.

"బొట్టు పెట్టి ఇచ్చిండ్రు. బొట్టు పెట్టి ఇస్తే వద్దంటరా? అరిష్టం గద. అందుకే తీసుకున్న. అటెనుక భావు ఏంజేసిండు, చేతుల కొబ్బరికాయ పెట్టి ఓటు ఎవలికో ఒట్టేసి చెప్పుమన్నడు. నేను మెల్లగ చెప్పిన. కొబ్బరికాయకు చెప్పిన, ఆయనకు చెప్పలే."

మేడం ఆ రోజంతా గాల్లో తేలింది. సినిమాకు వెన్నెముక దొరికిందంది. నేను బ్యాటరీలు సర్దుకున్నాను.

ఎన్నికలు అయిపోయాయి. భావు మనిషి గెలిచాడు. మేము అంధేరీలో ఒక గదిలో ఎడిటింగ్‌కు కూర్చున్నాం. చిన్నమ్మ ముఖాన్ని మసకబార్చి, గొంతు మార్చి, సినిమా మొదటి కట్ సిద్ధం చేశాం. డబ్బు పెట్టినవాళ్ళకు పంపాం. వాళ్ళు విదేశంలో ఉంటారు. వీడియో కాల్లో ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయన వెనక పుస్తకాల బీరువా ఉంది. నేను మేడం వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

సినిమా బాగుందన్నాడాయన. కానీ ముఖం లేని సాక్షిని ఎవరు నమ్ముతారన్నాడు. మసక వెనక ఎవరినైనా కూర్చోబెట్టి ఏమైనా చెప్పించవచ్చు కదా అన్నాడు. ముఖం చూపించాలి, లేదా ఆ భాగం తీసేయాలి. తీసేస్తే మిగిలేది డ్రోన్.

కాల్ అయ్యాక మేడం ల్యాప్‌టాప్ మూసేసింది. తర్వాత, "ఆమెను ఇంకోసారి అడిగి చూస్తావా?" అంది.

"మేడం, మన సినిమా దేని గురించి?"

"ఎన్నికల మీద డబ్బు ప్రభావం గురించి."

"మరి సినిమా మీద డబ్బు ప్రభావం గురించి ఎవరు తీస్తారు?"

ఆమె నవ్వలేదు. నాకూ అది నవ్వు కోసం అన్నట్టు అనిపించలేదు. ఆమె ఇల్లు తాకట్టులో లేదు, ఆమె పిల్లలు పస్తుల్లో లేరు. కానీ ఈ సినిమాకు ఆమె చాలా ఏళ్ళు పెట్టింది. నా వైపు చూస్తే ఎదురు ఖోలీలో ఒక గంటె ఉంది. రెండూ ఒకే తక్కెడలో పెట్టమంటే నేను సౌండువాణ్ణి, తూకం నా పని కాదు. అయినా ఆ రోజు తూచాను. గంటె బరువెక్కువ తేలింది. అడగనని చెప్పేశాను.

ఇంటికి వెళ్ళినప్పుడల్లా చిన్నమ్మ తలుపులోంచి తొంగిచూసి అడిగేది. "ఏమాయెరా? నేను కనబడుతున్ననా?"

"లేదు చిన్నమ్మా."

"నిజంగనేనా?"

"నిజంగనే," అనేవాణ్ణి. లోపలికి వెళ్ళి అన్నం సగంలో వదిలేసేవాణ్ణి. మా అమ్మ దానికి కారణం ప్రేమ వ్యవహారమని తేల్చి, పెద్దమ్మకు ఫోన్ చేసింది.

ఇంతకూ తీర్పు చెప్పింది మా ఎడిటర్. మరాఠీ మనిషి. తాపీగా ఉంటాడు. భూకంపం వచ్చినా ముందు ఫైలు సేవ్ చేసుకుంటాడు. మేడం ఆఖరి ప్రయత్నంగా, మసకను కాస్త తగ్గిస్తే మనిషి ఉన్నట్టు తెలుస్తుందేమో చూడమంది. అతను ఫ్రేమును పెద్దది చేశాడు. చిన్నమ్మ ముఖం ఉన్నచోట మసక గుండ్రం. దాని పక్కన, అరుగు మీద, తళతళలాడే స్టీలు బిందె. ముఖం మసకబారితే కన్ను పక్కకే పోతుంది కదా. అతని కన్ను బిందె మీదికి పోయింది. హోటల్లో ధరల పట్టిక చదివినట్టు, ఏ భావం లేకుండా పైకి చదివాడు.

"సప్రేమ భేట్. కార్పొరేషన్ నివడణూకీ నిమిత్త."

ప్రేమతో కానుక. కార్పొరేషన్ ఎన్నికల సందర్భంగా. ఆ పైన అభ్యర్థి భార్య పేరు ఇంటిపేరుతో సహా. కింద తేదీ.

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను అప్పుడే కనిపెట్టాను, ఆ గదిలో చేసిన రికార్డింగులన్నిటినీ ఆ ఏసీ పాడుచేస్తోందని.

మీలో బయటివాళ్ళు ఉంటే ఒక మాట చెప్పాలి. మా దగ్గర కానుకగా వచ్చిన గిన్నెకు పేరు ఉంటుంది. ఎవరు ఇచ్చారు, దేనికి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు. ఇచ్చేవాళ్ళే చెక్కించి ఇస్తారు. పేరు లేకుండా ఇస్తే పుచ్చుకున్నవాళ్ళే చెక్కించుకుంటారు. ఫోరస్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు ముందు చెక్కే మిషను పెట్టుకుని ఒకాయన కూర్చుంటాడు. ఆయన తల ఎత్తకుండా అడుగుతాడు, "ఎవరిచ్చారు? సందర్భం?" పెళ్ళి అంటే పెళ్ళి అని, బారసాల అంటే బారసాల అని చెక్కుతాడు. మా గల్లీ ఆడవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పారు. అబద్ధం ఎందుకు చెబుతారు? అది కెమెరా కాదు కదా.

నేను వెంటనే అమ్మకు ఫోన్ చేశాను.

"మన కొత్త బిందె మీద ఏం రాయించినవమ్మా?"

"అందరు రాయించిందే రాయించిన."

"ఎలక్షన్ అని రాయించినవా?"

"మరేం రాయించాలె? పెండ్లి అని రాయించాల్నా? ఎవల పెండ్లి? నువ్వేమన్న చేసుకుంటనన్నవా?"

ఫోను స్పీకర్లో ఉంది. ఎడిటర్‌కు తెలుగు రాదు. పెండ్లి అన్నది మాత్రం అర్థమైందనుకుంటా. మొదటిసారి నవ్వాడు.

ఎన్నికల కాలమంతా నేను సాక్ష్యం కోసం గల్లీలో తిరిగి, అలసిపోయి ఇంటికొచ్చి, ఆ సాక్ష్యంలోంచే నీళ్ళు ముంచుకుని తాగుతూ వచ్చాను. ఇందులో మీలాంటి యువతకు నేర్చుకోవాల్సిన పాఠమేదో ఉండే ఉంటుంది. నాకు మాత్రం దొరకలేదు. నాకు దొరికింది ఒక్కటే. చిన్నమ్మ ముఖం ఇక అవసరం లేదు. గొంతూ అవసరం లేదు. నిజానికి మార్చిన గొంతు గురించే నాకు ఎక్కువ భయం. కొబ్బరికాయ మాట వింటే చాలు, ఏ గొంతులో విన్నా మా చాల్లో పసిపిల్లలు కూడా ఆమె అని చెప్పేస్తారు.

తర్వాతి వారం పొద్దున్నే నీళ్ళు వచ్చే వేళకు కెమెరాతో నల్లా దగ్గరికి వెళ్ళాం. ఏం తీస్తున్నామో ముందే చెప్పమని మేడం అంది. అది ఆమెలో నాకు నచ్చిన గుణం. నేను తెలుగులో అందరికీ వినపడేట్టు చెప్పాను. "మీ ముఖాలు రావు. బిందె మీద రాత వస్తది. అది సినిమాల చూపిస్తం. ఇష్టం లేనోళ్ళు బిందె తిప్పి పెట్టుండ్రి."

ఎవరూ తిప్పలేదు. పక్క ఖోలీ పెద్దమ్మ, "రాసింది చదవనీకే గద రాయించింది," అని కొంగుతో రాతను తుడిచింది కూడా. ఓటు కోసం కానుక నేరమని, అది పుచ్చుకున్నవాళ్ళకూ వర్తిస్తుందని మేడం నా చేత చెప్పించింది. ఒకామె చెయ్యి నడుం మీద పెట్టి, "గల్లీ గల్లీని లోపలేస్తరా? ఏయుమను. అక్కడన్న ఇరవై నాలుగు గంటలు నీళ్ళొస్తయంట," అంది. మేడానికి అది అనువదించాను. ఆమె తల పట్టుకుంది. కెమెరామన్ మాత్రం వెలుతురు బాగుందన్నాడు.

వరసగా బిందెలు. అన్నిటి మీదా ఒకే ప్రేమ, ఒకే సందర్భం. గాజుల చేతులు తప్ప మనుషులు లేరు. నేను నీళ్ళు పడే చప్పుడు రికార్డు చేశాను. ఖాళీ బిందెలో గట్టిగా మొదలై, నిండేకొద్దీ సన్నబడే చప్పుడు. నేను రికార్డు చేసిన వాంగ్మూలాలన్నిటిలో అదే నికార్సయింది. ఎక్కడా దగ్గలేదు, తడబడలేదు, మధ్యలో టీ అడగలేదు.

బీరువా పెద్దమనిషి చూసి, ఇది మీరు పెట్టించి తీసింది కాదు కదా అన్నాడు. ఇంత అందంగా మేము కల్పించలేమని మేడం చెప్పింది. ఆ మాట ఆయన నమ్మాడు.

సినిమాను ముందుగా మా గల్లీలోనే చూపించాలని మేడం పట్టు. వద్దని నేను చెప్పి చూశాను. ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం గణపతి మండలి హాల్లో కిటికీలకు పండగ పరదాలు కట్టి తెర వేశాం. హాలు ఇచ్చింది భావే. తన గల్లీ సినిమాకు ఎక్కిందని ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చిన్నమ్మ మూడో వరసలో కూర్చుంది. అదే పట్టుచీర.

తెర మీద మొదట వచ్చింది ఆమె అరుగు మీది బిందె. ఎడిటర్ ఆ ఫ్రేములోంచి మనిషిని పూర్తిగా కోసేసి, బిందెను మాత్రం ఉంచాడు. అన్నిటికన్నా స్పష్టంగా వచ్చింది అదే. గోడంత బిందె. గోడంత అక్షరాలు.

భావు లేచి నిలబడ్డాడు. కోపంగా లేడు. ఆయన కోపంగా లేనప్పుడే భయం.

"ఆపు," అన్నాడు. ఆపాం. "ఎవల బిందె అది?"

నేను ప్రొజెక్టర్ పక్కన ఉన్నాను. మా చిన్నమ్మ వైపు చూడకూడదని నాకు నేను చెప్పుకున్నాను. చూడాల్సిన పని లేకపోయింది.

"నాదే గద భావు," అంది చిన్నమ్మ, తన బిందె అంత పెద్దగా కనపడిన సంతోషంలో.

ఇన్ని నెలలు నేను దాచింది ఒక్క ముక్కలో అయిపోయింది. కూర్చోవడానికి కుర్చీ కోసం చూశాను.

"నీదెట్ల అయితది?" అంది పక్క ఖోలీ పెద్దమ్మ. "నీదానికి మూతికాడ సొట్ట. మొన్న నేనే చూసిన. అది నాది."

"సొట్ట నీ దానికి. నా దానికి లేదు."

"ఇద్దరివి గావు, నాది," అని వెనకనుంచి ఇంకొకామె. "ఫోరస్ రోడ్డు పోయి రాయించుకోవాలని ముందు తెలివి జెప్పిందే నేను. నన్ను జూసే మీరంత పోయిండ్రు."

"తెలివి నీదా? నువ్వు పేరు తప్పు రాయించి మళ్ల పోలేదా?"

మా అమ్మ కూడా లేచింది. తన బిందె మెరుపే వేరంది. నల్లా దగ్గర ఉండే గొంతులన్నీ ఒక్కసారి హాల్లోకి వచ్చాయి. భావు చెయ్యెత్తాడు. ఎవరూ చూడలేదు. ఒక్క బిందె యజమాని కోసం అడిగితే గల్లీ మొత్తం చెయ్యెత్తింది. ఎవరి గంటె లాక్కోవాలి?

అప్పుడు గోడ పక్కనుంచి భావు భార్య మాట్లాడింది. మేమంతా ఆమెను వైనీ, అంటే వదిన, అంటాం. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"మనింట్ల దాని మీద గూడ అదే ఉంది కదండీ," అంది.

భావు మెల్లగా వెనక్కి తిరిగాడు. "నువ్వు గూడ రాయించినవా?"

"మరి పేరు లేకుంట ఎట్ల పెట్టుకుంటరు ఇంట్ల? దొంగసొమ్ము లెక్క?"

భావు కాసేపు ఆమెను చూశాడు. కాసేపు తెరను చూశాడు. తర్వాత కూర్చున్నాడు. "పంఖా పెంచు, ఉక్కపోస్తుంది," అన్నాడు నాతో. పెంచాను. "నడిపియ్యి," అన్నాడు. నడిపించాను.

ఆ సినిమా తర్వాత దేశంలో ఎన్నికలేమైనా బాగుపడ్డాయా అని మీరు అడగొచ్చు. తర్వాతి హల్దీ కుంకూలో ప్లాస్టిక్ డబ్బాలు ఇచ్చారు. ప్లాస్టిక్ మీద చెక్కడం కుదరదు. అంతవరకు మా సినిమా ప్రభావం ఉంది. చిన్నమ్మ గంటె మాత్రం చిన్నమ్మ చేతిలోనే ఉంది. కొత్త ఏడాది పని వచ్చిందని ఆమె చెప్పిన రోజు నేను ఆమె గడపలోనే కూర్చుండిపోయాను. డ్రామా చేస్తున్నానేమోనని వెంటనే లేచి నిలబడ్డాను.

చిన్నమ్మ బిందెలోంచి నీళ్ళు ముంచి గ్లాసు చేతికిచ్చింది. ఇచ్చి, వదలకుండా పట్టుకుంది.

"ఒకటి అడుగుత. సినిమా మొత్తం జూసిన. నేను ఏడ ఉన్నరా?"

"లేవు చిన్నమ్మా."

"పట్టుచీర కట్టుకుంటి గద."

"నువ్వే కనపడొద్దన్నవు గద."

"ముఖం వద్దన్న," అంది. "చీర వద్దన్ననా?"